లెమ్మనేదాక లేవని మనిషి

లింగమూర్తి ఏనుగును దొరకబట్టిన సంగతి బాచుపల్లి నుంచి కోకాపేట దాకా ఎవరినడిగినా చెబుతారు. రైల్వేలో పోయిన సామాన్ల గుమాస్తాగా ఉన్న రోజుల్లో, గూడ్సు బండిలోంచి మాయమైన ఏనుగును మూడు స్టేషన్ల అవతల వాసన పట్టి తోలుకొచ్చాడట. అది అబద్ధం. పోయింది ఏనుగు కాదు, ఏనుగు మెడలో కట్టే గంట. కానీ గంట దొరికించినవాడికి ఎవరు దండం పెడతారు? అందుకని లింగమూర్తి ఆ ఏనుగును ఎన్నడూ కాదనలేదు. పంతొమ్మిది వందల నలభై తొమ్మిది వచ్చేనాటికి నౌకరీ వదిలేసి, పోయినవాటిని వెతికే పనే సొంతంగా పెట్టుకున్నాడు. ఏనుగులు రాలేదు. మనుషుల కోసం మనుషులు వచ్చారు.

ఆ మంగళవారం పొద్దున ఏడింటికి వచ్చినవాడు మాత్రం చిన్ననాటి దోస్తు. కోకాపేట రాజయ్య. ఎవరిదో సైకిలు అడిగి తొక్కుకుంటూ పట్నం దాకా వచ్చాడు. గడప మీదే కూలబడ్డాడు.

"లింగం, మా నర్సడు పోయిండు. కిష్టినే చంపిందని పోలీసోళ్లు పట్టుకపోతరట. నువ్వే దిక్కు," అని పంచె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

వాళ్లిద్దరూ బాచుపల్లి వీధిబడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు. తప్పులు రాజయ్య రాసేవాడు, దెబ్బలు లింగమూర్తి తినేవాడు. పలక ఎవని చేతిలో ఉంటే తప్పు వాడిదే అని పంతులు గారి న్యాయం. తన వంతు రాయడం కాగానే రాజయ్య పలకను ఎంతో మర్యాదగా ఇతని చేతిలో పెట్టేవాడు. ముప్పై అయిదేళ్ల కిందటి మాట. లింగమూర్తి సైకిలు తీశాడు.

నర్సడంటే బాలనర్సయ్య. నలభై ఏళ్ల మనిషి. ఒళ్లు కోట తలుపంత, బుద్ధి నాలుగేళ్ల పిల్లవాడంత. ఆరేళ్ల కిందట పట్నంలోని ఒక పిచ్చి దవాఖానలో ఓ డాక్టరుకు కొత్త ఆలోచన పుట్టింది. ఎవరికీ హాని చేయనివాళ్లకు తాళాలెందుకు, పల్లెల్లో నలుగురున్న ఇళ్లలో పెడితే ఇంటి మనుషుల్లా బతకరా అని. నాలుగు కుటుంబాలు ముందుకొచ్చాయి. అందరికంటే ముందు వచ్చింది పిల్లలు లేని రాజయ్య, అతని పెళ్లాం కిష్టమ్మ. ఇప్పుడు ఇక్కడ హత్య రుజువైతే కిష్టమ్మ జైలుకు పోతుంది, మిగతా మూడిళ్లలోని రోగులూ మళ్లీ తాళాల వెనక్కి పోతారు.

లింగమూర్తి కోకాపేటలో రాజయ్య వాకిట్లో దిగేసరికి రైల్వే గడియారంలో పదకొండూ నలభై. అరుగు అంచున కిష్టమ్మ కూర్చుని ఉంది, పక్కన ఒక కానిస్టేబులు. నులకమంచం మీద రేకుపెట్టె, పెట్టె మీద కాగితాలు, కాగితాల వెనక సబ్ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ. కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. ఇంత ఎండలోనూ చొక్కా ఇస్త్రీ నలగని మనిషి.

"రండి లింగమూర్తి గారూ. ఏనుగును పట్టింది తమరేనటగా. మా దగ్గర మాత్రం వెతకడానికేం మిగల్లేదండి. మూడింటికి వ్యాను వస్తుంది. ఈవిడ ఒప్పేసుకుంది."

"ఏమని ఒప్పుకుంది సారూ?"

వెంకటనారాయణ కాగితం ఎత్తి, బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు చదివాడు. "'బాలనర్సయ్యను ఆరు సంవత్సరాలు నేను సాధించాను. రాత్రనక పగలనక సాధించాను. నా చేతులు పడిపోయేలాగా సాధించాను.' కింద వేలిముద్ర. ఇంకేం కావాలండి?"

లింగమూర్తికి నవ్వొచ్చింది. కిష్టమ్మ మొహం చూసి మింగేశాడు.

"సారూ, మీ దిక్కు సాధించుడంటే ఏంది?"

"అదేం ప్రశ్నండీ. అత్త కోడల్ని సాధిస్తుంది. తిండి దగ్గరా నిద్ర దగ్గరా సూటిపోటి మాటలంటూ రాచి రంపాన పెడుతుంది."

"మా దిక్కు సాదుడంటే పెంచుడు. అన్నం పెట్టి, తానం పోసి, జరమొస్తే పక్కన కూసునుడు. తల్లి బిడ్డను సాదుతది. ఆమె సాదిన అన్నది. మీరు ద కింద ఒక గీత గీసిండ్రు. ఆ గీతకే మనిషి జైలుకు పోతాంది."

కానిస్టేబులు ఈ ప్రాంతం వాడే. ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. వెంకటనారాయణ చెవులు ఎర్రబడ్డాయి. కానీ అతను తెలివితక్కువవాడు కాదు, ఇదే చిక్కు.

"నాకు అనుమానం రాలేదనుకున్నారా? వచ్చింది. అందుకే ఈవిడ భర్తనే పిలిచి అడిగాను. సాధించడమంటే బాధలు పెట్టడమేనా రాజయ్యా అని. తల ఊపాడు. సాక్షి సంతకం కూడా చేశాడు. చూసుకోండి."

రాజయ్య సంతకంలో మొదటి అక్షరానికి దీర్ఘం మరీ పెద్దగా ఉంది. పలక మీద ఆ దీర్ఘం నేర్పింది లింగమూర్తే. తలెత్తి చూస్తే, కొట్టం దగ్గర రాజయ్య ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. ఇటు తిరగడం లేదు. పోలీసును చూస్తే మనిషికి సొంత పేరే గుర్తుండదు, తల ఊపితే ఏముందిలే అనుకున్నాడు లింగమూర్తి. అలా అనుకోవడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది.

వెళ్లి కిష్టమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, నువ్వన్న నమ్ముతవా?"

"నమ్ముడు తర్వాత చెల్లె. నిన్న సోమారం నువ్వు లేచేసరికి ఎంతైంది?"

"పొద్దు పొడిచింది. చూస్తే నర్సిగాని చాప కాలీ. గొంగడి లేదు. వాడు లేడు."

"రాజయ్య?"

"ఆయన మొదటి కోడికే బండి కట్టిండు. మియాపూర్ల మా చెల్లెలింటికి పాత గడ్డి ఏసుకపోయిండు. మాపటికి నాలుగైంది తిరిగొచ్చేసరికి."

"నర్సయ్య తనంతట తాను లేచి ఎటన్న పోయుంటడా?"

"గదే సమజైతలేదు అన్నా. వాడు లెమ్మనేదాక లేవడు. కూసోమంటే కూసునుడే. ఒకపారి వాకిట్ల కూసోబెట్టి కోతకు పోయి మరిచిన. వాన పడ్డది. ఉరికొచ్చి చూస్తే తడుసుకుంట అట్లనే కూసున్నడు. ఆ పాపం ఇప్పటికి నా పానం తింటది."

"ఎవరు లెమ్మన్నా లేస్తడా?"

"పట్వారి వచ్చి లెమ్మన్నా లేవడు. నా మాట, మా ఆయన మాట. గంతే."

వెనక నుంచి వెంకటనారాయణ గొంతు. "విన్నారుగా. నేను చెప్పేదీ అదేనండి. ఈవిడే లేపింది, బావి దాకా నడిపించింది, తోసేసింది."

లింగమూర్తి లోపల లెక్క వేసుకున్నాడు. రెండే నోళ్లు. అందులో ఒకటి అప్పటికి నిద్రలో ఉంది. రెండోది. అక్కడ ఆపేశాడు ఆలోచనను, ఎద్దును పలుపు పట్టి ఆపినట్టు.

"మాట్లాడుతడా వాడు?"

"సొంత మాట ఒక్కటి రాదు. ఇన్న మాట మాత్రం పోదు. ఎప్పటి మాటనో ఉంటది లోపట. ఏదన్న వాసనొస్తే, చప్పుడైతే, అప్పుడు ఆ మాట అన్న మనిషి గొంతుతోనే అంటడు. ఒకపారి ఆవపిండి నూరుతుంటె, సచ్చిపోయిన మా అత్త గొంతుతోని నన్ను తిట్టిండు. నేను లేచి దండం పెట్టిన." అంత ఏడుపులోనూ కిష్టమ్మ పెదవి కొంచెం వంగింది. "వాన్ని దొరికించు అన్నా. నన్ను పట్టుకపోతే పోనియ్యి. ఏడనో కూసోబెట్టిండ్రు ఎవరో. లెమ్మనేటోళ్లు లేరు."

ఆ ఆఖరి మాట లింగమూర్తి ఒంట్లో చల్లగా దిగింది. పోయిన సామాను ఎన్నడూ పోదు, పెట్టినోడు పెట్టిన చోటే ఉంటుందని అతను ఇన్నాళ్లూ చమత్కారంగా చెప్పుకునేవాడు. ఈ మనిషి సంగతిలో అది చమత్కారం కాదు.

బావి ఇంటి వెనక నూరడుగుల దూరం. రాళ్లతో కట్టిన మోటబావి. నిన్న నాలుగింటికి మియాపూర్ నుంచి తిరిగొచ్చిన రాజయ్య, ఎడ్లను నీళ్లకు తోలుకొచ్చి, నీటి మీద గొంగడి తేలుతుంటే చూసి కేక వేశాడట. అయిదింటికి పోలీసులు వచ్చారు. గాలాలు వేశారు. మనిషి చిక్కలేదు. అడుగున మనిషి లోతు బురద ఉందని, వ్యాను వచ్చాక మళ్లీ దింపిస్తామని వెంకటనారాయణ చెప్పాడు.

"గొంగడి ఇయ్యుండ్రి సారూ, ఒకపారి."

రేకుపెట్టెలోంచి తెచ్చారు. లింగమూర్తి దాన్ని విప్పలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు.

"ఆ గొంగడికి శుక్రారం గంజి పెట్టింది నేనే," అని పిట్టగోడ అవతల నుంచి ఒక ఆడగొంతు వచ్చింది.

పక్కింటి సత్తెమ్మ. వాళ్లింట్లో తాతల నాటి నుంచి గొంగళ్లు నేస్తారు. గోడ మీద చేతులు వేసుకుని, పొద్దుటి నుంచి జరిగిందంతా చూస్తూ ఉంది.

"కిష్టమ్మకు నీకు దోస్తానానా అక్కా?"

"నిరుడు వానకాలం సంది మాటల్లేవు. ఆమెకు నాకు పగ. గొంగడికి నాకేం పగ? ఆమె గోడ మీద పెట్టి మొకం తిప్పుకుంటది. నేను మొకం తిప్పుకొని తీసుకుంట. గంజి పెట్టి మళ్ల గోడ మీద పెడ్త."

"పగ దేనికి?"

సత్తెమ్మ కాసేపు గోడ మీది సున్నం గీకింది. "ఆమె తమ్ముడు మొగిలి. గడబిడ రోజుల్ల తుపాకులోళ్లకు దొరకకుంట వీళ్ల గడ్డివాముల దాక్కుండు. అయిదో రోజు వాళ్లొచ్చి ఊరంత వదిలి సీదా వాము కాడికే పోయిండ్రు. గుంజి కాల్చిండ్రు. గోడ ఇవతల ఉన్నది నేనొక్కదాన్నేనాయె. నేనే చెప్పిన్నని అందరి నోట్ల పడ్డది."

"చెప్పినవా?"

"చెప్పినదాన్నైతే గీ గోడ మీద చెయ్యి పెట్టి నీతోని మాట్లాడుదునా?"

లింగమూర్తి గొంగడిని గోడ మీద పరిచాడు. "అక్కా, నీ పనితనం నువ్వే చూడు. పొద్దుగాల అయిదింటి సంది మాపటికి నాలుగు దాకా నీళ్లల్ల ఉన్న గొంగడేనా ఇది?"

సత్తెమ్మ అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపింది. గోటితో గీకి, వేలికంటిన తెల్లటి పొడి నాలుకకు రాసుకుని ఉమ్మేసింది.

"చింతగింజల గంజి ఇది. పొద్దుందాక నానితే జిగురై, నీళ్లల్ల కలిసిపోయి, గొంగడి కుక్క చెవులెక్క వాలిపోతది. ఇది చూడు, అంచు నిలబడ్డది. మీద మీద తడిసింది గంతే. అర్ధగంట గుడ నానలే."

"గంజి సాక్ష్యమా అండి?" అన్నాడు వెంకటనారాయణ. "రేపు కోర్టులో గంజిని బోనెక్కిస్తారా?"

"కోర్టు రేపటి మాట సారూ. ఇయ్యాల గడియారం చూడుండ్రి. మీ లెక్కల నర్సయ్య ఎప్పుడు పడ్డడు?"

"తెల్లవారుజామున అయిదు."

"గొంగడి చిక్కింది?"

"నాలుగు."

"పదకొండు గంటలు నానిన గొంగడి నిలబడి మీకు సలాం కొడ్తుందా? ఇది నీళ్లల్ల పడ్డది మూడున్నర దాటినంక. మూడున్నరకు కిష్టమ్మ ఏడున్నదో మీ బుక్కులనే ఉంటది. చదువుండ్రి."

వెంకటనారాయణ తన నోటుబుక్కు తిప్పాడు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. అబద్ధం చదవడం చేతకాని మనిషి పాపం, చదివాడు. "మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా చెరువుగట్టు మీద... పదిమంది ఆడవాళ్లతో... వెతుకుతూ..." గొంతు సన్నగిల్లింది. "అయితే ఈ బావిలో గొంగడి వేసింది..."

"మొదట ఎవరు చూసిండ్రో మీరే రాసిండ్రు."

ఇద్దరూ కొట్టం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఇద్దరూ బావిలోకి చూశారు.

సత్తెమ్మకు ఈ లెక్కలు పట్టలేదు. ఆమె తన ధోరణిలో ఉంది. "పాపం రాజయ్య గుడ ఎంత మంచిగ చూస్తుండె నర్సయ్యను. నాలుగైదు రోజుల సంది మరీ. వాడు నోరు తెరిస్తే చాలు, రొండిల నుంచి తీసి బెల్లంముక్క పెడుతుండె."

"నాలుగైదు రోజుల సందే ఎందుకు?"

"ఏమో మరి. మొగిలి పోయినంక ఆ పాత వామును ఎవరు ముట్టలే. మియాపూర్‌కు పంపనీకె మొన్ననే ఇప్పిండ్రు. ఆ గడ్డి ఇప్పిన సంది నర్సడు ఏందో గునుగుతుండె. గోడ ఇవతలికి నాకు సరిగ ఇనవడలే. రాజయ్య ఉరికొచ్చి బెల్లం పెట్టంగనే ఊకుంటుండె."

లింగమూర్తి గొంగడి అంచు కుచ్చు ముడి విప్పాడు. నీళ్లు దూరని ఆ మడతలో చిటికెడు నల్లటి పొడి ఉంది. అరచేతిలో పోసుకున్నాడు. పొడిలో పురుగుల రెక్కల తునకలు మిలమిల మెరిశాయి. వాసన చూడక్కర్లేదు, ఇందాకే చూశాడు.

"సారూ, ఇది గబ్బిలాల రెట్ట. ఈ ఊళ్ల గబ్బిలాలు ఏడుంటయి అక్కా?"

"గబ్బిలాల గుండు కింద. మియాపూర్ బాటల, అర్ధ కోసెడు దూరం, మైలుంటది."

గడియారంలో ఒంటిగంటా పది. నిన్న తెల్లవారుజాము నుంచి ముప్పై రెండు గంటలు. నీళ్లు లేవు. పైన ఫాల్గుణపు ఎండ. కింద, లెమ్మనేదాక లేవని మనిషి.

లింగమూర్తి కొట్టం వైపు నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తితే ఎదుటివాడు సర్దుకుంటాడు. రాజయ్య ఎద్దు గంగడోలు నిమురుతూ ఉన్నాడు.

"దొరికెనా లింగం ఏమన్న?"

"వెతుకుతున్న. నిన్న ఎన్నింటికి బండి కట్టినవ్?"

"మొదటి కోడికి."

"మియాపూర్ చేరేసరికి?"

"తొమ్మిదైతుండె."

"నడుమ ఏడ ఆగినవ్?"

"ఆగలే. ఏడ ఆగలే."

"బండికి గొంగడి కప్పినవా?"

"ఎండకాలం గొంగడేంది?"

"గదే." లింగమూర్తి బండి నొగ మీద కూర్చున్నాడు. ముక్కుపొడుం డబ్బీ తీసి తట్టాడు. "నువ్వు బెజవాడకు బండ్లు తోలిన రోజులు యాదికొచ్చినయి రాజిగా. మూడేండ్లు గద. ఆడ పూటకూళ్లామె ఒకామె ఉండె అంటివి. నవ్వి నవ్వి సస్తుంటిమి ఆ కతకు. సన్నపాటి మొగడు, కోటంత పెండ్లాం. మొగన్ని పొద్దుందాక ఏం చేసేదంటివి?"

పాత కథ అడిగితే నవ్వడం రాజయ్యకు అలవాటు. కళ్లకంటే ముందు నోరు నవ్వింది. "ఏం చేస్తది, సాధిస్తుండె..."

మాట గాలిలో ఉండగానే అతని మొహం తెల్లబడింది.

లింగమూర్తి ముక్కుపొడుం పీల్చలేదు. డబ్బీ మూత పెట్టేశాడు. ఏనుగు కథ చెప్పి ఎంతమందినో నవ్వించినవాడు, ఒక నవ్వు ఇలా విరగడం ఎన్నడూ చూడలేదు.

"నీకు రెండు దిక్కుల మాటలు వచ్చు. ఆ సారుకు రాదు. కిష్టమ్మకు రాదు. నువ్వొక్క మాట చెప్తే అయిపోతుండె. నువ్వు తలూపి సంతకం పెట్టినవ్. నేను నేర్పిన సంతకం."

"నేను చంపలే లింగం."

"తెలుసు. కూసో అన్నవు. గంతే గద." లింగమూర్తి లేచాడు. "నన్నెందుకు పిలిచినవో ఇప్పుడు సమజైంది. దొరికించనీకె కాదు. లింగమూర్తి వెతికినా దొరకలేదంటే ఇగ ఎవరు వెతకరని. పలక మళ్ల నా చేతుల పెట్టినవురా. బండి కట్టు."

కాడికి ఎద్దు మెడ పట్టెడ తగిలించడం చేతకాలేదు రాజయ్యకు. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పని. కానిస్టేబులు కట్టాడు.

ముందు కిష్టమ్మ, రాజయ్య, వెనక మిగతావాళ్లు బండెక్కారు. వెంకటనారాయణ, ఇస్త్రీ చొక్కాకు గడ్డి అంటుకుంటుంటే దులుపుకోకుండా, లింగమూర్తిని మెల్లగా అడిగాడు. "చేశాడు సరేనండి. ఎందుకంటారు?"

"అది నాకు దొరకలే సారూ ఇంకా."

సత్తెమ్మ ఎవరూ పిలవకుండానే నీళ్ల చెంబు పట్టుకుని బండి వెనక ఉరుకుతూ వచ్చింది.

ఏనుగంత రాయి మీద ఇంకో ఏనుగంత రాయి ఆనుకుని ఉంటుంది గబ్బిలాల గుండు. ఈ రెండు ఏనుగులూ మాత్రం నిజమైనవే. ఆ రెంటి మధ్య, వంగితేగానీ పట్టని సందు. లోపల బాసింపట్టు వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గోడకు ఆనుకోకుండా కూర్చుని ఉన్నాడు బాలనర్సయ్య. కళ్లు మూసి ఉన్నాయి. పెదవులు చెరువు మట్టిలా పగిలాయి. ఛాతీ కదులుతోంది.

వెంకటనారాయణ ముందుగా దూరాడు. "లేవయ్యా. లే. భయం లేదు." భుజం పట్టి లాగాడు. రాయిని లాగినట్టుంది. లింగమూర్తి లెమ్మన్నాడు. కదల్లేదు.

కిష్టమ్మ వంగి లోపలికి వచ్చింది.

"లే బిడ్డా. నేనొచ్చిన."

కళ్లు తెరవకుండానే లేవబోయాడు. కాళ్లు బిగుసుకుపోయి ఆమె మీదే ఒరిగాడు. తనకంటే రెండింతల మనిషిని కిష్టమ్మ తొడ మీద పడుకోబెట్టుకుంది. సత్తెమ్మ చెంబు అందిస్తే, కొంగు తడిపి చుక్కచుక్కగా పెదవుల మీద పిండింది. చెంబు ఎవరి చేతిలోంచి వచ్చిందో చూడలేదు.

వెంకటనారాయణ బయటికొచ్చి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎండ నడినెత్తిన కొడుతుంటే టోపీ తీసిన పోలీసును లింగమూర్తి అదే మొదటిసారి చూడటం.

"ఎవరు కూసోబెట్టిండ్రు బిడ్డా నిన్ను?"

బాలనర్సయ్య నోరు తెరిచాడు. రాజయ్య గొంతు వచ్చింది. అదే బొంగురు, అదే నసుగుడు. "ఈడ కూసో. కిష్టి వస్తది. లెమ్మనేదాక లేవకు."

కిష్టమ్మ తలెత్తి మొగుడి వైపు చూసింది. రాజయ్య చేతులు జోడించాడు.

"నీ కోసమే కిష్టి. వాన్ని సాది సాది నువ్వు పుల్లయి పోతివి. నా కండ్లతోని చూడలేకపోయిన. నిన్ను పట్టుకపోతరని నేననుకోలే. ఆ సారు అడిగితే భయానికి తలూపిన."

అతను ఎంత బాగా ఏడ్చాడంటే, వెంకటనారాయణ నోటుబుక్కు మీద పెన్సిలు ఆగిపోయింది. కిష్టమ్మ మొహంలో కూడా ఏదో మెత్తబడింది. పద్దెనిమిదేళ్ల కాపురం. నా కోసమే చేశాడేమో అన్న ఆశ ఎంత మొండిదో లింగమూర్తికి ఆ క్షణంలో కనిపించింది. పొద్దున్న కాగితం మీద సంతకం చూసి తను పడ్డ కష్టమే ఆమె ఇప్పుడు పడుతోంది.

"బండెక్కించుండ్రి ముందు," అంది కిష్టమ్మ.

నలుగురూ పట్టి ఎత్తారు. బండి అడుగున నిన్నటి పాత గడ్డి ఇంకా చేతెడు మందాన ఉంది. దాని మీద పడుకోబెట్టారు. వాము అడుగున మక్కిన గడ్డి, ఎండకు వేడెక్కి ఘాటుగా వాసన వేస్తోంది. బాలనర్సయ్య ముక్కు పుటాలు అదిరాయి. పెదవులు కదిలాయి.

అప్పుడు రాజయ్య చెయ్యి చటుక్కున రొండికి పోయింది. బెల్లంముక్క బయటికి తీసింది.

ఆ చెయ్యిని అందరూ చూశారు. కిష్టమ్మ కూడా చూసింది.

"ఆగు," అంది. "చెప్పనియ్యి వాన్ని."

బాలనర్సయ్య ఆకాశంలోకి చూస్తూ అప్పజెప్పాడు. రాజయ్య గొంతే, కానీ తగ్గించిన గొంతు, గుసగుస.

"వాముల ఉన్నడు. ఎడమ దిక్కు గడ్డి తియ్యుండ్రి. నా పెండ్లాం తమ్ముడే. నా పేరు మాత్రం బయటికి రావద్దు."

తరువాత ఇంకో గొంతు, ఎవరిదో, ముతక గొంతు. "నీ పేరెందుకొస్తది? గోడ పక్కన ఆడిది లేదా?"

మళ్లీ రాజయ్య. "గదే మంచిగుంది."

అంతటితో అయిపోయింది. బాలనర్సయ్య నోరు మూసుకుని, గడ్డి వాసన పీలుస్తూ, తన పని తాను చేసినవాడిలా కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు కూడా ఎవరో వాము పక్కన కూర్చోబెట్టి ఉంటారు. అతన్నీ ఒక గోడే అనుకుని అతని ముందే మాట్లాడుకున్నారు.

సత్తెమ్మ చెంబును రెండు చేతులా గుండెకు ఆనించుకుంది.

"ఇల్లు కాలబెడ్తమన్నరు కిష్టి," అన్నాడు రాజయ్య. బెల్లం ఇంకా అరచేతిలోనే ఉంది, చెమటకు కరుగుతోంది. "మనిద్దరిని లోపటేసి కాలబెడ్తమన్నరు."

కిష్టమ్మ అతని వైపు తిరగలేదు. బండి దిగి సత్తెమ్మ దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాచింది.

"గా నీళ్లు ఇయ్యి సత్తక్కా."

వానకాలం నుంచి అన్న మొదటి మాట అది. సత్తెమ్మ ఇచ్చింది. కిష్టమ్మ చెంబెత్తి గటగటా తాగి, మిగిలినవి మొహాన కొట్టుకుంది. లింగమూర్తి ఆ వైపు చూడలేక, బండి చక్రం సీల గట్టిగా ఉందో లేదో పదేపదే తడిమాడు.

వెంకటనారాయణ నిన్నటి కాగితం తీసి రెండుగా చింపాడు. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాడు. ఈసారి గొంతులో పాఠం చెప్పే తీరు లేదు.

"ఏం రాయమంటారమ్మా?"

కిష్టమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిన్న చెప్పిందే రాయి సారూ. సాదిన. ఆరేండ్లు వాన్ని, పద్దెనిమిదేండ్లు ఈయనను. ఇద్దరిని సాదిన. ఒక్కడే మనిషైండు."

వెంకటనారాయణ రాశాడు. ద దగ్గర పెన్సిలు ఒక్క క్షణం ఆగి, కింద గీత గీయకుండా ముందుకు పోయింది.